సారు మాటే వినే కారు

మోకాళ్లు అరిగి పని ఇడిశిపెట్టిన గని నా చెవులు ఇంక కొత్తయే. ఇంటి ముంగట నుంచి బండి పోతే చాలు, దానికేం రోగమున్నదో మంచంల పండుకొనే చెప్త. "నిన్నెవరన్న అడిగిన్రా?" అంటది మా ఇంటామె. అడగరు. అయినా చెప్త. నాచారంల కంపెనీల నడుమ, ఒక రేకుల షెడ్డుల ఇంజన్ మెకానిక్‌గ బతుకంత గడిపినోని నోరు ఊకె ఎట్ల ఉంటది?

ఇప్పటి పిల్లలు మీరు మంచిగ స్కానర్ గుచ్చుతరు, ఫోన్ల చూసి "ఈ సెన్సార్ పోయింది సార్" అని తేల్చేస్తరు. నేను వద్దన్నానా? చెయ్యుండ్రి. కాని స్కానర్ గుచ్చెటందుకు జాగ గూడ లేని పాత బండ్లు ఇంక ఒకటో రెండో తిరుగుతనే ఉన్నయి. అసొంటి కారు ఒకటి, నేను పని బందు పెట్టెటందుకు కొన్నాళ్ల ముందల, మా షెడ్డు ఇజ్జత్ మొత్తం రోడ్డు మీద పెట్టింది. ఆ ముచ్చట చెప్త. నవ్వుకోవాల్నంటే నవ్వుకోండ్రి, నాకేం నారాజ్ లేదు.

కారు రామంతాపూర్ సారుది. సారు రైల్వే ఆఫీసుల పనిజేసి రిటైరైండు. గుంటూరు దిక్కు మనిషి, ఎన్నడో ఇటొచ్చి రామంతాపూర్ గల్లీల ఇల్లు గట్టుకున్నడు. కారు తెల్లది, కార్బురేటర్ కాలం నాటిది, సెకండ్ హ్యాండుల కొన్నది. సారు దాన్ని తుడిసినట్టు తల్లులు పసిపిల్లలను గూడ తుడవరు. డ్యాష్‌బోర్డు మీద బొటనవేలంత ఇత్తడి వినాయకుడు ఉంటడు. ఆయన పీట కింద ఒక చిన్న ఎర్ర బల్బు. అది వెలగంగ నేనెన్నడు చూడలే. మా ఎలక్ట్రీషన్ ఒకపారి "కొత్తది ఏస్త సార్" అంటే, సారు "దేవుడి జోలికి వెళ్లకయ్యా" అని అక్కడనే ఆపిండు.

ఆ కారు సారు కూసుంటే ఒక్క తాళానికి స్టార్టు అయితది. ఇంకెవరు కూసున్నా కాదు. సారుకు దీని మీద ఫికర్ లేదు సరికదా, మస్తు గర్వం. "అది నా మాట తప్ప ఇంకెవరి మాటా వినదయ్యా" అని చాయ్ తాగుకుంట చెప్పుకునేటోడు. చానేండ్లు ఇదొక రోగమని ఎవరికి తట్టలే, ఎందుకంటే సారు తప్ప ఆ కారును ఎవరు నడపలే.

కిరికిరి ఎక్కడ మొదలైందంటే, అమ్మ డ్రైవింగ్ నేర్చుకున్నది. అమ్మ అంటే సారు ఇంటామె. మనవరాళ్లున్న మనిషి. కూరగాయలకు పోతున్న అని ఇంట్ల చెప్పి, పొద్దుపొద్దున్నే ఉప్పల్ స్టేడియం దిక్కు డ్రైవింగ్ స్కూలు కారు తిప్పింది. ఇంట్లకేమో రోజు రెండు టమాటలు, కట్ట కొత్తిమీర తెచ్చేది. లైసెన్సు చేతికొచ్చినంకనే సారుకు చూపించింది. సారు ఆ కార్డును అటు తిప్పి ఇటు తిప్పి, "ఫోటో బాగుంది" అన్నడంట.

అమ్మ కోరిక పెద్దదేం గాదు. భజనల తనతోని పాడే దోస్తులను ఎక్కించుకొని, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద తన చేతులతోని కారు నడుపుకుంట యాదగిరిగుట్ట పోవాలె. "పెళ్లైన దగ్గర్నుంచి వెనక సీట్లోనే కూర్చున్నాను మేస్త్రిగారూ. ఒక్కసారి ముందు కూర్చుని ఆ రోడ్డు చూడాలనుంది" అని నాతోని అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొకం చూసిన, ఇది ఆట గాదని నాకు అర్థమైంది.

గప్పుడే సారుకు కండ్ల ఆపరేషన్ పడ్డది. నల్ల అద్దాలు పెట్టిన్రు, నడపొద్దన్నరు. అమ్మ తాళం తిప్పితేనేమో సెల్ఫు గిర్రున తిరుగుతది, ఇంజన్ అందుకోదు. సారు తీర్పు చెప్పిండు: "నేను నడపకూడదు, నువ్వు స్టార్టు చెయ్యలేవు. ఇంకెందుకీ కారు? శుక్రవారం తుక్కోడికి ఇచ్చేద్దాం." ఇంకో కారు కొనే మాటే లేదని గూడ చెప్పిండు. అసలు సంగతేందంటే, భార్య లారీల నడుమ వరంగల్ రోడ్డెక్కుతదంటే ఆయనకు గుండె దడ. ఆ దడ పైకి చెప్పలేక, అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, కారు మీద తీసిండు. అమ్మ షేర్ ఆటో ఎక్కి సక్కగ మా షెడ్డుకొచ్చింది. "శుక్రవారం లోపల అది నా చేతిలో స్టార్టు కావాలి. లేకపోతే కారూ పోతుంది, నా డ్రైవింగూ పోతుంది" అన్నది.

"అమ్మా, బండంటే యంత్రం. దానికి మీరేంది, సారేంది? రేపే చేసిస్త" అన్న. ఆ 'రేపే' అనే మాట నోట్లె నుంచి రావొద్దు బిడ్డా, మెకానిక్‌కు అది శాపం.

తెల్లారి వాళ్లింటికి పోయిన. అమ్మ తాళం తిప్పింది, కాలే. నేను తిప్పిన, కాలే. ప్లగ్గు ఇప్పి చూస్తే నిప్పురవ్వ లేదు. ఇగ దొరికిందిరా దొంగ అనుకొని పాన అందుకుంటున్ననో లేదో, సారు నల్ల అద్దాలతోని బయటికొచ్చిండు. "జరగండి" అన్నడు. సీట్ల కూసొని తలుపేసుకొని, దేవుని మీదికి వంగి రెండు చేతులు అడ్డం పెట్టి ఏందో గొణుక్కుంట మొక్కిండు. పెద్దమనిషి మొక్కుతుంటే మనం గుడ్లప్పగించి చూస్తమా? నేను గూడ చేతులు జోడించి కండ్లు మూసుకున్న. కండ్లు తెరిసేసరికి ఇంజన్ చల్లగ పాట పాడుతున్నది.

"చూశావా?" అన్నడు సారు.

"సార్, గిట్లనే ఉండనియ్యండ్రి. మీరు దిగుండ్రి, అమ్మ కూసుంటది" అన్న.

సారు మళ్ల దేవుని మీదికి వంగి మొక్కిండు. సీట్ల నుంచి లేచిండో లేదో, ఇంజన్ టక్కున ఆగింది. వాకిట్ల మేం ముగ్గురం బొమ్మల లెక్క నిలవడ్డం. సారు మొకంల మాత్రం కొత్త పెండ్లికొడుకు సిగ్గు. "అలిగింది" అన్నడు. అమ్మ చెంగుతోని కండ్లొత్తుకొని ఇంట్లకు పోయింది. రేపే చేసిస్త అన్నది నేనే కద.

తాడు గట్టి షెడ్డుకు గుంజుకొచ్చినం. ఆ బల్బు మార్చుతనన్న మా షెడ్డు ఎలక్ట్రీషన్ ఉన్నడు కద. నాతోటి వయసోడే, చుట్టరికం ఏం లేకున్నా బావ అంటే బావ అనుకునేటోళ్లం. ఒక్క చాయ్ తీసుకొని వన్ బై టూ తాగేటంత దోస్తాన. కాని ఒక బండి స్టార్టు కాకపోతే మా ఇద్దరి నడుమ పంచాయితీ తప్పదు. ఆయనకేమో ప్రతి రోగం ఇంజన్ రోగమే, నాకేమో ప్రతి రోగం కరెంటు రోగమే.

"బావ, సీటు చూసినవా?" అన్నడు. "సారు లేస్తే ఆగిందంటున్నవు. సీటు కింద ఏమన్న ఉన్నదేమో."

సీటు ఇప్పేసినం. పల్లిపొట్టు, విరిగిన దువ్వెన, ఎప్పటిదో సినిమా టికెట్టు. వైరు లేదు. అయినా మనసు ఒప్పలే. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, పక్కన ఇల్లు గడుతున్నోళ్ల కాడ బతిమాలి సిమెంటు బస్తా తెచ్చి, సారు బరువు ఇంతే ఉంటదని సీటు మీద కూసోబెట్టినం. తాళం తిప్పితే కాలే. బావ ఇంకో అడుగు ముందుకు పోయి బస్తాకు సీటు బెల్టు గూడ పెట్టిండు. షెడ్డు ఓనరు, మా సేటు అప్పుడే వచ్చి చూసి, "ఈయనెవరు, కొత్త గిరాకా?" అని అడిగిండు.

బావ బ్యాటరీ నుంచి సక్కగ, ప్లగ్గుల రవ్వ పుట్టించే కాయిలుకు ఒక వైరు గుంజితే ఇంజన్ టక్కున అందుకున్నది. "చూసినవా, కరెంటు పనే. నా ఇంజన్ బంగారం" అని ఎగిరిన. కరెంటు నడుమల ఎక్కడనో ఆగుతున్నది. తాళం స్విచ్చే చెడిందని బావ కొత్తది ఏసిండు. అమ్మకు ఫోన్ జేసి పిలిచినం. అమ్మ తిప్పితే కాలే. ఎనకనే వచ్చిన సారు "జరగండి" అన్నడు, మొక్కిండు, మేం అందరం కండ్లు మూసుకున్నం, స్టార్టు అయింది. సారు దిగిండు, ఆగింది.

"ఆ సక్క వైరే ఉంచేద్దమా సార్?" అని అడిగితే, "తాళం తీసినా ఆగని కారు నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు" అన్నడు.

ఇంక ఒక్కటే మిగిలింది. బావ తలకాయ డ్యాష్‌బోర్డు కింద పెట్టి వైర్లన్ని దేవులాడిండు. "బావ, ఒక నల్ల వైరు పైకి పోతున్నది" అన్నడు. "ఎటు?" అన్న. "దేవుని పీట కిందికి." "అది దేవుని బల్బు వైరు. ముట్టకు" అన్న. ముట్టలే.

ఇక్కడొక సంగతి చెప్పాలె. మా షెడ్డుల పెద్దోళ్ల కాడి నుంచి ఒక రివాజు ఉన్నది. ఏ బండిల దేవుడున్నా సరే, పాన పట్టక ముందే ఉతికిన బట్టొకటి ఆయన మీద కప్పుతం. నూనె చేతులతోని దేవుణ్ణి ముట్టం. ఆయన మొకం మీద గ్రీజు మరక పడితే పాపం మనకు, పంచాయితీ గిరాకుతోని. గట్ల ఆ వినాయకుడు షెడ్డుల ఉన్నన్ని దినాలు, సారొచ్చి మొక్కినప్పుడు తప్ప, పసుపు బట్ట కిందనే ఉన్నడు. ఎటు దిక్కు చూస్తున్నడో గూడ మాకు తెల్వదు.

గురువారానికి నేను, బావ మాట్లాడుకునుడు బందు పెట్టినం. నీ వల్లనే అంటే నీ వల్లనే. వన్ బై టూ పోయి ఎవరి చాయ్ వాళ్లకే అయింది. మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాలె అంటరు. నేను పట్టిన, కాని నా చేతులకు ఏం రాలే.

శుక్రవారం పొద్దున తుక్కోడు ట్రాలీ తెచ్చి షెడ్డు ముంగట పెట్టిండు. కారు చుట్టు తిరిగి టైర్లను కాలుతోని తన్ని చూస్తున్నడు. సారు, అమ్మ ఆటో దిగిన్రు. సారు నల్ల అద్దాల ఎనక ఏమున్నదో కనపడలే గని, చెయ్యి మాత్రం బ్యానెట్ మీద నుంచి తియ్యలే. అమ్మ నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు. అనకపోయేసరికే సిగ్గుతోని చచ్చిన.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నది అమ్మ తుక్కోనితోని. "దేవుణ్ణి తీసుకుంటాను. దేవుణ్ణి తుక్కుకి పంపుతామా?"

లోపల కూసొని పసుపు బట్ట తీసింది. "ఇదేమిటి, ఈయన ముందు అద్దం వైపు, రోడ్డుకేసి తిరిగి ఉన్నాడు?" అన్నది. పట్టి గుంజింది. రాలే. గట్టిగ బిగించి ఉన్నది. ఒక చేత్తోని పీట అదిమిపట్టి, ఇంకో చేత్తోని దేవుణ్ణి తన దిక్కు తిప్పింది.

టిక్కు.

నేను ఆడికి నాలుగడుగుల దూరంల గోడకు ఒరిగి నిలవడ్డ. చెప్పిన కద, చెవులు. దేవుడు కరుణిస్తడు, కోపం చేస్తడు, ఊకుంటడు. కాని దేవుడు టిక్కుమనడు. టిక్కుమనేది ఒక్కటే.

"అమ్మా, తాళం తిప్పు!" అన్న.

"ఇప్పుడెందుకు మేస్త్రిగారూ..."

"తిప్పమ్మా, నీ కాళ్లు మొక్కుత!"

తిప్పింది. ఇంజన్ ఒక్క తాళానికి అందుకున్నది. తుక్కోడు చెప్పులు ఇడిసి చేతులు జోడించిండు. "నేను పక్కనే ఉన్నాను కదా, అందుకు!" అన్నడు సారు. "నేనేసిన తాళం స్విచ్చు ఇప్పుడు సెట్ అయింది" అన్నడు బావ. ఎవరి లెక్క వాళ్లది.

నేనైతే పంపు కాడికి పోయి కిరసనాయిలుతోని చేతులు రుద్దిన, సబ్బుతోని కడిగిన, మళ్ల కడిగిన, గోర్ల నడుమ మట్టి తీసిన. "ఏం జేస్తున్నవురా?" అని సేటు మొత్తుకుంటున్నడు. కొత్త తువ్వాలతోని తుడుసుకొని వచ్చి, దేవునికి దండం పెట్టి, మెల్లగ అద్దం దిక్కు తిప్పిన. టిక్కు. ఇంజన్ ఆగింది. మళ్ల అమ్మ దిక్కు తిప్పి తాళం ఏయమన్న. స్టార్టు అయింది.

బావ పరుగున డ్యాష్‌బోర్డు కింద దూరిండు. టేపు గుంజితే నల్ల వైరు ఒకటి గాదు, రెండు. బల్బుకైతే ఏ వైరు తగిలి లేదు. అది ఉత్తుత్త బల్బు. "బావ, చోర్ స్విచ్చు!" అని కిందనే ఉండి మొత్తుకున్నడు. నాతోని మాట్లాడుడు బందున్న సంగతి మరిసిపోయిండు.

మీకు తెల్వదేమో గని, పాత రోజుల్ల దొంగలు ఎత్తుకపోకుండ కార్లకు స్విచ్చు దాచి పెట్టించెటోళ్లు. తాళం దొరికినా, స్విచ్చు జాగ తెలిస్తేనే ఇంజన్ నడుస్తది. కొందరు సీటు కింద పెడతరు, కొందరు డిక్కీల పెడతరు. దేవుని కింద పెట్టినోన్ని నేను ఒక్కన్నే చూసిన. చూసుడు గూడ లేదు, వాని పని చూసిన.

సారు అప్పుడు నోరు తెరిసిండు. "కారు అమ్మినాయన చెప్పాడయ్యా. ఎక్కగానే స్వామిని నీ వైపు తిప్పుకో, ఆయన చూపు నీ మీద ఉండాలి. దిగేటప్పుడు రోడ్డు వైపు తిప్పు, బండికి కాపలా కాస్తాడు. ఎవరికీ చెప్పకు, చెబితే మహిమ పోతుంది అన్నాడు." స్విచ్చని చెప్తే ఈయన పదిమందికి చెప్పుకుంటడని ఆ అమ్మినోనికి ముందే ఎరుకై ఉంటది. వానికి ఒక దండం.

సారు మొకం చిన్నగైంది. "అంటే నేను ఇన్నేళ్లూ మొక్కింది స్విచ్చుకా?" అన్నడు. షెడ్డుల ఎవరు నవ్వలే. నాకు గెలిచిన సంతోషం పోయి, పాపమనిపించింది. పెద్దమనిషి కాడ ఉన్న ఒక్క గొప్ప నేనే గుంజుకున్నట్టైంది.

అమ్మనే అందుకున్నది. "స్విచ్చు కింద ఉంది, దేవుడు పైన ఉన్నాడు. మీరు పైనే కదా మొక్కారు? ఇంక అటువైపు ఎక్కండి."

"వైర్లు రెండు కలిపేస్త అమ్మా, ఇగ ఈ తిప్పుడు ఉండదు" అన్నడు బావ.

"తీయకండయ్యా" అన్నడు సారు మెల్లగ. "అలవాటైపోయింది." అమ్మ ఆయన దిక్కు చూసి, "ఉండనివ్వండి" అన్నది. తుక్కోడు ఉత్త ట్రాలీ తీసుకొని పోయిండు. పోయే ముందు వినాయకునికి ఇంకోసారి మొక్కి పోయిండు.

పిల్లలూ, నేను నేర్చుకున్నదొక్కటే చెప్త. గిరాకు మొక్కుతుంటే కండ్లు మూసుకునుడు మర్యాదనే, కాని అది మెకానిక్ చేసే పని గాదు. బండిని చూసినంత సేపు దాన్ని నడిపెటోన్ని గూడ చూడాలె. ఒక్కపారి ఒక్క కన్ను తెరిసుంటే ఆ సిమెంటు బస్తా బాధ తప్పుతుండె.

అమ్మ కారు షెడ్డుల నుంచి సక్కగ తీసి, ఇండికేటర్ ఏసి మరీ రోడ్డెక్కింది. సారు ఆమె పక్కన, ఎడమ దిక్కు సీట్ల, తలుపు పైన ఉన్న పిడి పట్టుకొని బిగుసుకొని కూసున్నడు. ముందల యాదగిరిగుట్ట రోడ్డు జర చూసొస్తమని చెప్పి పోయిన్రు. నేను, బావ ఒక్క చాయ్ తెప్పించి రెండు చేసుకున్నం.

చాయ్ సగం గూడ కాలే, ఫోన్ మోగింది. అమ్మ. ఎనక నుంచి హారన్ల మోత, ఎవరో బస్సు డ్రైవరు తిట్లు. "మేస్త్రిగారూ, ఆగిపోయింది! ఉప్పల్ చౌరస్తాలో, సిగ్నల్ మధ్యలో! సెల్ఫ్ తిరుగుతోంది, అందుకోవడం లేదు!"

బావ మొకం పాలిపోయింది. "నా స్విచ్చు గాదు" అన్నడు వెంటనే.

నేను చాయ్ గిలాస కింద పెట్టిన. "అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. దేవుడు ఎటు దిక్కు చూస్తున్నడు?"

అమ్మ గొంతు వినపడ్డది గని, నాతోని గాదు. "ఏవండీ! ఆయన్ని మీ వైపు ఎందుకు తిప్పుకున్నారు?"

"లారీ వస్తోందే! భయమేసింది!" అన్నడు సారు.

టిక్కుమన్నది. నాచారంల కూసున్న నాకు ఫోన్ల సాఫ్‌గ వినపడ్డది. ఇంజన్ అందుకున్నది. అమ్మ ఫోన్ పెట్టేసుడు మరిసింది.

"చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చోండి" అంటున్నది. "అంతగా మొక్కాలనిపిస్తే నాకు మొక్కండి. బండి నడిపేది నేను."